రాళ్లతో పేర్చిన దరువు

ఫిబ్రవరి 11, మంగళవారం

మూడోసారి కూడా తిప్పి పంపారు. ఈసారి మెయిల్ కాదు, విజయవాడ ట్రస్టు నుంచి భారతి గారు ఫోనే చేశారు. గొంతు ఎంత మెత్తనో మాట అంత కోత.

"ఫెబీ గారూ, తలా ఒక జానపద బృందాన్ని తీసుకుని దానికి గుర్తు తయారు చేయమన్నాం. పదకొండు మంది పంపారు. డప్పు బృందం తీసుకున్నవాళ్లంతా డప్పు బొమ్మే వేశారు. డప్పు, పక్కన మంట, పైన ఎగిరే అక్షరాలు. మీరూ అంతే. డప్పు ఎలా ఉంటుందో మాకు తెలుసండీ. చూస్తే వినపడాలి. లోగో, బ్యానరు, చొక్కా, అన్నీ ఆ దరువులోంచే పుట్టాలి."

చూస్తే వినపడాలంట! ఏసీ గదిలో కూర్చుని ఆవిడ ఎన్నైనా చెబుతుంది.

అయినా ఆమె అన్నది నిజం, అందుకే ఇంత మంట. ఏడేళ్లుగా మార్కాపురంలో అష్రఫ్ భాయ్ ఫ్లెక్స్ దుకాణంలో పుట్టినరోజులకు బెలూన్లు, పెద్దకర్మలకు పూలదండలు అతికిస్తున్నాను. నా చెయ్యి అదే నేర్చుకుంది. ఈ పోటీలో నెగ్గినవాళ్లకు హైదరాబాద్‌లో ఏడాది డిజైన్ శిక్షణ ఇస్తారు. నాకు ఇరవై తొమ్మిది. వచ్చే ఏడు వాళ్ల వయసు హద్దు దాటిపోతాను. మార్చి పది లోపల మళ్లీ పంపాలి, అదే ఆఖరు.

ఫిబ్రవరి 13

తర్లుపాడు వెళ్లి శ్యాంసన్ మామను పట్టుకున్నాను. అమ్మకు తమ్ముడు. నేను గుర్తు తయారు చేస్తున్నది ఆయన బృందానికే. పాత దరువులు కొట్టు మామా, రికార్డు చేసుకుంటానంటే ఆరుగురూ లేచి గంటసేపు కొట్టారు. అన్నీ సినిమా పాటలే.

"ఇవి కాదు మామా. మందల దరువు, వాన దరువు అంటారే, అవి."

"యాడుండాయమ్మే ఇప్పుడు! పెండ్లిండ్లలో ఈ పాటలు కొట్టి కొట్టి చేతికి ఇవే మిగిలినాయి. అవన్నీ మీ నాయన చేతిలో ఉండాయి. పిడికిలి మూసేసినాడు, ఇంగ తెరవడు."

అది నాకు తెలియనిదా? నాకు ఎనిమిది నెలలప్పుడు జ్వరం తలకెక్కి ఫిట్స్ వచ్చాయట. డాక్టర్లు ఆశ పెట్టుకోవద్దన్నారట. నాయన ఆస్పత్రి బయట మట్టిలో మోకరించి, బిడ్డ బతికితే ఇక డప్పు ముట్టను, నోట దరువు పలకను అని దేవునికి మొక్కుకున్నాడు. నేను బతికాను. ఆ నెలలోనే నాయన బాప్తిస్మం తీసుకున్నాడు. మా సంఘం కట్టుబాటు కూడా అదే. జాతరల్లో సారా తాగి కొట్టిన డప్పు కాబట్టి బాప్తిస్మం పొందినవాడు ముట్టరాదు. ముడితే ప్రభువు బల్లలో, అంటే ఆరాధనలో పంచే రొట్టె ద్రాక్షరసంలో, భాగం ఉండదు.

నాయన ఇప్పుడు సంఘ పెద్ద. ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె పళ్లెం పట్టుకుని వరసల మధ్య నడిచేది ఆయనే. పలకల ఫ్యాక్టరీలో రాళ్లు మోసి వంగిన వీపు ఆ పది నిమిషాలు నిటారుగా ఉంటుంది. ఆయనకు ఈ లోకంలో ఉన్న గౌరవమంతా ఆ పది నిమిషాలే.

చర్చి కీబోర్డులో మాత్రం డప్పు టోను ఉంది. బటన్ నొక్కితే పాపం లేదు కాబోలు.

ఫిబ్రవరి 14

నాయనను అడగను. అంత దిగజారలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

అడిగాను.

"డప్పు ముట్టొద్దు నాయనా, ఊరికే నోటితో చెప్పు, నేను గీసుకుంటా" అన్నాను. సంకటి ముద్ద పళ్లెంలోనే వదిలేసి చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు. అమ్మ గరిటె పట్టుకుని నా మీదికి వచ్చింది.

"నిన్ను బతికించుకునేదానికి మూసిన నోరు మే అది! నువ్వే తెరవమంటావా? సిగ్గుండొద్దా?"

ఉండాలి. లేదు. ఇంకా ఇరవై రెండు రోజులే ఉన్నాయి.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఈ రోజు జరిగింది జరిగినట్టే రాసుకోవాలి.

ఆరాధన నుంచి వచ్చాక నాయన వాకిట్లో కూర్చున్నాడు. అరుగు పరవడానికి ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన పలక రాళ్ల ముక్కలు అక్కడ కుప్పగా ఉన్నాయి. వెడల్పువి ఒక పక్క, సన్న చెక్కలు ఒక పక్క ఏరుతున్నాడు. నేను బట్టలు ఆరేస్తున్నాను. ఒక వెడల్పు ముక్క నేల మీద పెట్టాడు. దాని పక్కన రెండు సన్నవి. బెత్తెడు ఖాళీ. మళ్లీ వెడల్పుది. అలా వరస గోడదాకా పోయింది. మళ్లీ మొదటికి వచ్చి, ఐదో ముక్కను రెండు వేళ్ల మేర అవతలికి జరిపాడు.

"ఏంది నాయనా అది?"

"ఏం లే. రాళ్లు సర్దుకుంటాండా."

"వెడల్పుది లావు పుల్ల దెబ్బా?" అన్నాను. ఇంకో ముక్క తీసి దుమ్ము తుడిచాడు. "సన్నవి ఎడమ చేతి పుల్లా?"

"ఎండ ఎక్కువుండాది, లోపలికి పో" అన్నాడు. తను మాత్రం అక్కడే కూర్చున్నాడు. నేను అరుగెక్కి ఫోనుతో పైనుంచి ఫొటో తీశాను. ఆ చప్పుడు వినిపించే ఉంటుంది. తల ఎత్తలేదు. కాసేపయ్యాక వరస చెరిపి ఇంకొకటి పేర్చాడు. దగ్గర దగ్గరగా చిన్న ముక్కలు, అక్కడక్కడా ఒక పెద్దది.

"గొర్లు వాగు కాడ మలుపుకొనేటప్పుడు ఇట్లనే ఉంటాయి" అన్నాడు, నాతో కాదు, రాళ్లతో.

మందల దరువు! అయితే మొదటిది వాన దరువై ఉండాలి. పొద్దు వాలేలోపల ఐదు వరసలు పేర్చి, ఐదూ చెరిపేశాడు.

ముట్టలేదు. పలకలేదు. మొక్కు చెడలేదు. రాళ్లు సర్దడం తప్పని బైబిల్లో ఎక్కడా లేదు. నేను వెతికాను.

మార్చి 3

ఫొటోలు కంప్యూటర్లో వేసి రాళ్ల మీదుగా గీతలు గీశాను. వెడల్పు ముక్కకు పెద్ద దిమ్మె, సన్న చెక్కకు సన్న గీత. ఖాళీలు ఒక్కోటి ఒక్కో తీరుగా ఉన్నాయని అన్నీ సమం చేశాను. ఏడేళ్ల అలవాటు, ఫ్లెక్సులో ఏదైనా వంకర ఉంటే అష్రఫ్ భాయ్ ఊరుకోడు. ప్రింటు తీసి ఇంటికి తెచ్చి, నాయన కంటపడేలా మంచం మీద పెట్టాను.

చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదేంది?"

"నీ వాన దరువు."

"నాది కాదు. ఇది గడియారం మాదిరి ఉండాది. వాన ఇట్ల పడతాదా?" ఐదో దిమ్మె మీద బొటనవేలు పెట్టాడు. "ఈడ ఆగల్ల. ఆగి, ఇంగ రాదేమో అనుకున్నాక రావల్ల."

అని, ఏం చేశాడో అప్పుడు తెలిసినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాకు భయం వేసింది. "నీ పేరు ఎక్కడా రాదు నాయనా, ఒట్టు" అన్నాను. "ఒట్లు పెట్టాకు" అని లేచిపోయాడు.

మొత్తం మళ్లీ గీశాను. ఈసారి రాయి ఎక్కడుంటే దిమ్మె అక్కడే, వెంట్రుకవాసి కూడా జరపలేదు.

మార్చి 10

పంపేశాను. నేల ఎర్ర మట్టి రంగు, దిమ్మెలు పలక రాయి నలుపు. లోగో వాన దరువులో మొదటి ఎనిమిది దెబ్బలు, ఆ ఆగుడుతో సహా. చొక్కాల మీద ఛాతీ చుట్టూ మిగతా నాలుగు దరువులు. డప్పు బొమ్మ ఎక్కడా లేదు.

అష్రఫ్ భాయ్ ముందు నవ్వాడు. "క్యా హై యే? రాళ్లు ఆరబోసినట్టుండాది." తర్వాత ఏం తోచిందో, స్క్రీను చూస్తూ టేబులు మీద వేలితో తట్టాడు. పెద్దదానికి గట్టిగా, సన్నదానికి మెల్లగా. రెండోసారి తట్టేసరికి మొహం మారిపోయింది. "అరే, ఇది నడుస్తాందమ్మా!"

బాత్‌రూమ్‌లోకి పోయి ఏడ్చాను. ఏడేళ్లలో ఆ దుకాణంలో సంతోషంతో ఏడవడం ఇదే మొదలు.

మార్చి 18

చివరి ఇద్దరిలో నేనున్నాను! ఇరవై తొమ్మిదిన తర్లుపాడు బడి మైదానంలో బృందం ఆ చొక్కాలేసుకుని ఆ దరువులే కొట్టాలట, ట్రస్టువాళ్లు వచ్చి చూస్తారట.

అమ్మకు చెప్పాను. నాయనకు చెప్పలేదు. అమ్మ చెప్పే ఉంటుంది.

మార్చి 24

మామ బృందం నా చొక్కాలు చూసి దరువు నేర్చుకుంటోంది. ఒకడి ఛాతీ చూసి ఇంకొకడు కొట్టాలి. "కదలాకరా, నీ రొమ్ము మీద తప్పిపోతాండా" అని తిట్టుకుంటూ ఒకటే నవ్వులు.

వాన దరువు దగ్గర మామ ఆగాడు. "ఈ ఖాళీ ఎక్కువైంది కదమ్మే. ప్రింటింగులో జరిగిందేమో. కొంచెం దగ్గరికి కొడతాం."

"వద్దు మామా, ఉన్నది ఉన్నట్టే కొట్టు" అన్నాను.

చూసేవాళ్లకు అవి దిమ్మెలూ గీతలే. భయపడాల్సిందేమీ లేదు.

మార్చి 29, శనివారం

అయిపోయింది. అంతా అయిపోయింది.

మైదానం నిండా జనం. నాయన రాలేదు కానీ మా సంఘం వాళ్లు వచ్చారు, ఆయనలాగే సంఘ పెద్దగా ఉండే నిత్యానందం మామ ముందు వరసలోనే కూర్చున్నాడు. చొక్కాలు ఎండలో ఎంత బాగున్నాయో! భారతి గారు వీడియో తీస్తున్నారు. చివరికి వాన దరువు. నాలుగు దెబ్బలు పడ్డాయి. ఆగారు. ఇంక రాదేమో అనుకున్నాక ఐదోది పడింది.

ముసలమ్మల గుంపులోంచి యల్లమ్మవ్వ లేచి నిలబడింది. ఎనభై దాటిన మనిషి, చూపు సరిగా ఆనదు.

"ఒరే యేసుబాబూ! యాడుండావురా నాయనా?" అని నాయనను పేరు పెట్టి కేకేసింది.

డప్పులు ఆగిపోయాయి. అవ్వ చుట్టూ తడుముకుంటోంది. "వాడేడే? మా పెద్దోడి పెండ్లిలో ఈ ఆగుడుకే కదా నేను గుక్క తిప్పుకోలేకపోయింది! ఇది వాడి దెబ్బ. ఇంగెవురికీ రాదు. మళ్లీ పట్టినాడా? పట్టినాడా డప్పు?"

జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. నిత్యానందం మామ నవ్వలేదు. తిరిగి నా వైపు చూశాడు.

ఒక్కో చేతికి ఒక్కో ఆగుడు ఉంటుందట. శ్యాంసన్ మామ తర్వాత చెప్పాడు. సంతకంలాగా, విన్నవాళ్లు మర్చిపోరట. నాకు తెలియదు. నిజంగా తెలియదు. కొంచెం దగ్గరికి కొడతాం అని మామ అన్నప్పుడు సరే అని ఉంటే సరిపోయేది. నేనే వద్దన్నాను.

మార్చి 30

ఉగాది, ఆదివారం. చర్చిలో నిత్యానందం మామ నాయనకు చెయ్యి కలపలేదు.

ఏప్రిల్ 1

మా పాస్టరు విక్టర్ అయ్యగారు ఇంటికొచ్చారు. మంచి మనిషి. నాకు బడి ఫీజు మినహాయింపు ఇప్పించింది ఆయనే. అందుకే ఆయన ఇబ్బంది పడుతుంటే చూడలేకపోయాను.

"యేసుబాబు గారూ, సంఘంలో మాట పుట్టింది. వచ్చే ఆదివారం బల్ల ఆరాధన. మీరు పళ్లెం పట్టాలంటే ఈ మాట తేలాలి."

నాయన నేల చూస్తూ కూర్చున్నాడు. అయ్యగారు నా వైపు తిరిగారు.

"చూడమ్మా, నువ్వు కంప్యూటర్లో సొంతంగా కల్పించుకున్న బొమ్మలైతే అందులో మీ నాన్నగారి తప్పేమీ లేదు. ఆదివారం సంఘం ముందు నిలబడి ఆ ఒక్క మాట చెప్పు. నేను ముగించేస్తాను."

ఆయన గేటు దాటగానే అమ్మ నా చేతులు పట్టుకుంది. "చెప్పు మే. నీ కంప్యూటర్లోనే పుట్టిందని చెప్పు. ఇరవై ఎనిమిదేండ్లు నిలబెట్టుకున్నాడు. రేపు ఏదన్నా అయితే సంఘం కాక ఎవురు మోస్తారు మీ నాయన్ను?"

నాయన వద్దని అనలేదు.

ఏప్రిల్ 4

నేనే గెలిచాను. భారతి గారు ఫోనులో అరిచినంత పని చేశారు. జూన్‌లో చేరాలి. ఒక ఫారం పంపారు. ఇది పూర్తిగా నా సొంత కల్పన, మరెవరి దగ్గరా తీసుకున్నది కాదు, అని కింద సంతకం చేయాలి.

చర్చిలో చెప్పాల్సిందీ ఇదే, ఫారంలో రాయాల్సిందీ ఇదే. సంతకం చేసి పంపాను.

ఏప్రిల్ 5

నాయన కోసమే చెబుతున్నాను. నాయన కోసమే. నాయన కోసమే.

హైదరాబాద్ సంగతి వేరు.

ఏప్రిల్ 6, ఆదివారం

ఈ రోజు రాయలేను.

ఏప్రిల్ 7

ముందు వరసలో బల్ల. మీద తెల్లగుడ్డ కప్పిన పళ్లేలు. పక్కన నాయన, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో. అయ్యగారు ప్రభువు రొట్టెను అయోగ్యంగా తినేవాడి గురించిన బైబిలు వాక్యం చదివి, నన్ను లేవమన్నారు.

లేచాను. ఇంట్లో వందసార్లు చెప్పుకున్న మాటే. "ఆ దరువులు నేను కల్పించుకున్నవి. మా నాయన నాకేమీ ఇవ్వలేదు."

"దేవునికి స్తోత్రం" అన్నారు అయ్యగారు. ఆయన భుజాల మీది బరువు దిగడం నాకు కనిపించింది. "యేసుబాబు గారూ, పళ్లెం తీసుకోండి."

నాయన గుడ్డ తీశాడు. మడిచాడు. మడిచి మళ్లీ బల్ల మీదే పెట్టాడు.

"అబద్ధమయ్యగారూ."

అని సంఘం వైపు తిరిగాడు.

"నన్ను కాపాడేదానికి చెప్తాంది ఆ పిల్ల. అవి నావి. మూడు మా నాయన కాడ నేర్చుకున్నా, రెండు నేను కట్టినా. ఆ ఆగుడు నాది."

"మీరు డప్పు కొట్టారా?"

"కొట్టలే."

"నోటితో చెప్పారా?"

"ఒక్క మాట జారినా. తక్కిందంతా రాళ్లు పేర్చినా."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అయ్యగారు మాత్రం ఆ మాట పట్టుకుని వేలాడారు, పాపం. "రాళ్లే కదా! రాళ్లు పేర్చడం డప్పు కొట్టడమెలా అవుతుంది? కూర్చోండి, ఇంతటితో..."

"మీకు తెలియకపోవచ్చయ్యగారూ. పేరుస్తాంటే నా చెవుల్లో మోగుతానే ఉన్నింది. ఇరవై ఎనిమిదేండ్ల తర్వాత మోగింది. నేను దాన్ని ఆపలే. దేవునికి తెలియదా?"

ఎవరూ పొమ్మనకముందే నడుచుకుంటూ పోయి చివరి వరసలో, ఇంకా బాప్తిస్మం కానివాళ్లు కూర్చునేచోట కూర్చున్నాడు. అయ్యగారు కళ్లు తుడుచుకుని నిత్యానందం మామకు పళ్లెం ఇచ్చారు.

పళ్లెం నా దగ్గరికి వచ్చింది. నేను సంఘం ముందు అబద్ధమాడి ఇంకా పది నిమిషాలు కాలేదు. అందరూ చూస్తున్నారు. తీసుకోకపోతే అబద్ధం ఒప్పుకున్నట్టే. ఒప్పుకుంటే ఫారం సంగతి కూడా బయటికొస్తుంది. నేను ఆలోచించింది అదే, ఫారం గురించే. రొట్టె తీసుకున్నాను. తిన్నాను. చివరి వరసకు పళ్లెం పోలేదు.

ఇంటికి నడుస్తూ అడిగాను. "ఆ ఆగుడు నిన్ను పట్టిస్తుందని నీకు తెలుసా నాయనా?"

"తెలుసు."

"మరి కొంచెం మార్చి పెట్టకూడదా? ఎవరికి తెలిసేది?"

"చూసినా. తప్పుగా పెట్టేదానికి చెయ్యి రాలేదు."

ఏప్రిల్ 9

శ్యాంసన్ మామ వచ్చాడు. కొత్త డప్పు తెచ్చి నాయన కాళ్ల దగ్గర పెట్టాడు.

"ఇంగేముంది బావా! వాళ్లే తోసేసినారు కదా. బల్ల పోయింది, ఇదన్నా పట్టుకో. నువ్వు లెక్క అప్పజెప్పాల్సినోడెవురూ లేడిప్పుడు."

నాయన కాళ్లు వెనక్కి ముడుచుకున్నాడు, డప్పు అంచు తగలకుండా.

"బల్ల సంఘానిది, తీసుకున్నారు. మొక్కు సంఘానికి మొక్కలేదురా."

"ఎప్పుడో మొక్కినావు, ఆ పిల్లకు ఎనిమిది నెల్లప్పుడు! ఇంకా ఏంది?"

"బిడ్డ బతికే ఉండాది కదరా" అన్నాడు నాయన.

నేను గుమ్మంలోనే ఉన్నాను. మామ నా వైపు చూడలేక డప్పు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. నాయనకు బల్లా లేదు, డప్పూ లేదు. నాకు రొట్టె దక్కింది, హైదరాబాద్ దక్కింది. నేను బతికి ఉన్నన్నాళ్లూ ఆయన చేతులు ఖాళీగానే ఉంటాయి.

రేపు భారతి గారికి ఫోన్ చేస్తాను. ఆ దరువులు ఎవరివో చెబుతాను. శిక్షణ పోతే పోనీ.

ఏప్రిల్ 10

చేయలేదు.

ఏప్రిల్ 11

చేయలేదు.